సైప్రస్ రుచులు పరాయి ఊళ్ళో: హలూమీతో ఆగిపోవాలా, ఇంకా ఏమైనా వెతకాలా?

ఉత్తర లండన్‌లో గ్రీన్ లేన్స్ అని పొడుగాటి రోడ్డు ఒకటి ఉంది. దాని మీద పామర్స్ గ్రీన్ వైపు నడుస్తుంటే కూరగాయల కొట్ల ముందు పెట్టెలు పేర్చి ఉంటాయి. ఎర్రమట్టి అంటుకున్న బంగాళాదుంపలు, మన చామదుంపకి పెద్దన్నలాంటి దుంపలు, వేసవిలో కట్టలు కట్టిన గంగవాయిలి కూర. ఆ పక్కకి అద్దెకి వచ్చిన కొత్తల్లో అవి చూసి, ఇదేదో మనవాళ్ళ కొట్టే అనుకుని లోపలికి వెళ్ళాను. లోపల రేడియోలో గ్రీకు పాట, కౌంటర్ వెనక నల్ల గౌనులో ఒక పెద్దావిడ. అది సైప్రస్ వాళ్ళ కొట్టు.

అప్పటి నుంచి మా స్నేహితుల్లో సైప్రస్ తిండి అనగానే నాకే ఫోను చేస్తారు. "హలూమీ కాకుండా ఇంకేం బాగుంటాయి?" "మేము శాకాహారులం, ఆ రెస్టారెంట్లో తినడానికి ఏమైనా ఉంటుందా?" "ఇండియాకి ఏం పట్టుకెళ్ళొచ్చు?" అందరికీ ఒకే జవాబు చెప్పలేను. మీరు ఏ ఊళ్ళో ఉన్నారన్నది తెలియకుండా ఏం కొనాలో చెప్పడం కుదరదు. ఎందుకంటే సైప్రస్ తిండి బయటి దేశాలకి రెండు దారుల్లో వెళ్ళింది. హలూమీ, అంటే సైప్రస్ జున్ను (చీజ్), సూపర్ మార్కెట్ లారీ ఎక్కి ప్రపంచమంతా తిరిగింది. మిగతావన్నీ మనుషులతో పాటు వెళ్ళి, ఆ మనుషులు కాపురం పెట్టిన వీధుల్లోనే ఉండిపోయాయి.

ఆ వీధులు ఎక్కువగా బ్రిటన్‌లోనే ఎందుకున్నాయో ఊహించడం కష్టం కాదు. 1878లో బ్రిటిష్ వాళ్ళు సైప్రస్ ద్వీపంలో అడుగుపెట్టారు, 1960లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆ మధ్యలోనూ, 1974లో దేశం రెండుగా చీలిన తర్వాతా గ్రీకు సైప్రస్ వాళ్ళు, టర్కిష్ సైప్రస్ వాళ్ళు లండన్ చేరారు. ముందు క్యామ్‌డెన్ టౌన్, తర్వాత హారింగే, పామర్స్ గ్రీన్, ఎన్‌ఫీల్డ్. వాళ్ళతో పాటే కొట్లూ నడిచాయి. ఆస్ట్రేలియాలో మెల్బోర్న్, సిడ్నీ, అమెరికాలో న్యూయార్క్ నగరంలోని ఆస్టోరియా కూడా ఇలాంటివే, కాకపోతే చిన్నవి.

కొనే ముందు మిమ్మల్ని మీరు అడగాల్సినవి

మొదటిది, మీ ఊళ్ళో సైప్రస్ వాళ్ళ కొట్టు ఉందా, లేక సూపర్ మార్కెట్ మాత్రమేనా. ఇది తేలితే సగం పని అయిపోయినట్టే.

రెండోది, శాకాహారం సంగతి. ఇందులో జున్ను కోసం పాలని గడ్డకట్టించే రెనెట్ దగ్గర్నుంచి అన్నీ వస్తాయి. చాలామంది మనవాళ్ళు హలూమీని పనీర్‌కి చెల్లెలనుకుని లేబుల్ చూడకుండా బుట్టలో వేసేస్తారు.

మూడోది అసలుదనం. పేరు సైప్రస్‌ది అయినంత మాత్రాన సరుకు సైప్రస్‌ది కావాలని లేదు. అది మీకు ముఖ్యమా కాదా అన్నది మీ ఇష్టం. నాకైతే హలూమీ విషయంలో ముఖ్యం, బీరు విషయంలో కాదు.

నాలుగోది ఉప్పు, మద్యం, పంచదార. ఇంట్లో బీపీ, షుగర్ ఉన్నవాళ్ళుంటే ఈ తిండిలో మూడూ చూసుకోవాల్సినవే. చివరిది నిల్వ: ఈ వారమే తినేస్తారా, పెట్టెలో పెట్టి విమానం ఎక్కిస్తారా.

హలూమీ: అందరికీ దొరికేది, అందరూ పొరబడేది

పనీర్‌తో పోలిక దగ్గరే మొదలుపెడదాం, మనకి తెలిసిన కొలత అదే కాబట్టి. పనీర్‌కి పాలని నిమ్మరసంతోనో వెనిగర్‌తోనో విరగ్గొడతాం. హలూమీకి రెనెట్ వేసి పాలని గడ్డకట్టిస్తారు, ఆ ముద్దని నొక్కి ముక్కలు కోస్తారు, మళ్ళీ ఆ విరుగుడు నీళ్ళలోనే తొంభై డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తారు. తీశాక ఉప్పు, పుదీనా చల్లి పుస్తకం మూసినట్టు మధ్యకి మడిచేస్తారు. ప్యాకెట్ విప్పి చూడండి, పక్క నుంచి ఆ మడత గీత కనిపిస్తుంది. కోసేటప్పుడు ముక్క మధ్యలో విడిపోయేది అందుకే, మీ కత్తి తప్పు కాదు. అలా ఉడికించడం వల్లే పెనం మీద పెట్టినా కరిగి కారిపోదు, పైన ఎర్రగా కాలుతుంది, పంటికింద కీచుమంటుంది.

నేను మొదటిసారి దాన్ని పాలకూరలో వేశాను. ఆ రోజు కూర ఎవరూ తినలేకపోయారు. వంద గ్రాముల హలూమీలో సుమారు రెండున్నర నుంచి మూడు గ్రాముల ఉప్పు ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజుకి ఐదు గ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అంటే ఒక మాదిరి ప్యాకెట్‌లో సగం తింటే ఆ రోజు ఉప్పులో సగం పైన అయిపోయినట్టే. కాబట్టి గ్రేవీ కూరలకి పనీరే సరి. హలూమీకి పెనం ఉండాలి, పక్కన చప్పగానో తియ్యగానో ఇంకొకటి ఉండాలి. సైప్రస్ వాళ్ళు ఎండాకాలం పుచ్చకాయ ముక్కతో తింటారు. మా ఇంట్లో ఉప్పు వెయ్యని పెసరట్టు మీద పెట్టుకుంటాం. దోసె పెనం బాగా కాలాక, నూనె వెయ్యకుండా, వేలు మందాన కోసిన ముక్కలు పెట్టి ఒక్కో వైపు రెండు నిమిషాలు. కాల్చిన వెంటనే తినాలి. చల్లారితే రబ్బరు చెప్పు నమిలినట్టుంటుంది.

ఇక ఏ ప్యాకెట్ తీసుకోవాలి? లేబుల్ మీద పదార్థాల వరసలో మొదట ఏ పాల పేరు ఉందో చూడండి. ఎక్కువ ఉన్నదాని పేరే ముందు రాస్తారు. చవక ప్యాకెట్లలో ఆవు పాలు ముందుంటాయి. మేక, గొర్రె పాలు ముందున్నవి ధర ఎక్కువ, వాసన ఘాటు, రుచిలో లోతు ఎక్కువ. యూరోపియన్ యూనియన్‌లో 2021 అక్టోబరు నుంచి హలూమీ, హెల్లిమ్ అనే రెండు పేర్లకీ రక్షణ ఉంది. మొదటిది గ్రీకు పేరు, రెండోది టర్కిష్ పేరు. సైప్రస్‌లో చేసిందానికి తప్ప అక్కడ ఆ పేరు పెట్టకూడదు. దరఖాస్తు పెట్టింది 2014లో, ఆమోదం వచ్చేసరికి ఏడేళ్ళు పట్టింది. ఆ నిబంధనల్లో మేక, గొర్రె పాల వాటా ఆవు పాల కంటే ఎక్కువుండాలని కూడా ఉంది. ద్వీపంలో అన్ని మేకలూ గొర్రెలూ లేక ఆ గడువు జరుగుతూ వస్తోంది. కాబట్టి ప్యాకెట్ మీద ఆ రక్షణ ముద్ర చూసి ఊరుకోకుండా పాల వరస కూడా చూడమంటాను.

ఈ పేరు రక్షణ యూరోపియన్ యూనియన్‌ది, బయట అన్నిచోట్లా పనిచేయదు. ఆస్ట్రేలియాలో అక్కడి డెయిరీలే చేసి అమ్ముతాయి, చాలావరకు ఇంగ్లీషు స్పెల్లింగులో ఒక 'ఎల్' తగ్గించి రాస్తారు. గల్ఫ్‌లో లెబనాన్ పద్ధతిలో చేసిన హలూం ఎక్కువ, కొన్నిట్లో నల్ల జీలకర్ర కూడా ఉంటుంది. అది బాగుండదని కాదు, ఎక్కువగా ఆవు పాలతో చేస్తారు కాబట్టి మెత్తగా, సాదాగా ఉంటుంది. పిల్లలకి అదే నచ్చుతుంది. హైదరాబాదులో పెద్ద సూపర్ మార్కెట్లలో మన దేశంలోనే చేసిన హలూమీ దొరుకుతుంది, ఖరీదు మాత్రం పనీర్‌తో పోలిస్తే చేదుగానే ఉంటుంది. స్వీడన్, జర్మనీలో ఉన్నవాళ్ళకి ఇంకో సంగతి: అక్కడ హలూమీ పక్కనే 'గ్రిల్ చీజ్' అనే అర్థం వచ్చే పేర్లతో స్థానిక జున్నులు పెడతారు. తేడా కొంచెమే, ధర తక్కువ. పార్టీకి పదిహేను మంది వస్తుంటే నేనైతే అదే కొంటాను.

శాకాహారులకి: రెనెట్ జంతువుల నుంచి తీసింది కావచ్చు, కాకపోవచ్చు. బ్రిటన్‌లో దొరికే చాలా ప్యాకెట్ల మీద 'శాకాహారులకు తగినది' అని రాసి ఉంటుంది. రాసి లేకపోతే కొనకండి. కొట్లో విడిగా ఉప్పు నీళ్ళలో ఉంచి అమ్మే ముదురు హలూమీ ఉంటుంది, కనీసం నలభై రోజులు ఆ నీళ్ళలో నానినది. దాని దగ్గర అడిగి తెలుసుకోవాలి. ఆ ముదురుది కాల్చుకోవడానికి కాదు, తురుముకోవడానికి. ఉడికించిన మాకరోనీ మీద ఎండు పుదీనాతో కలిపి చల్లుతారు. జ్వరం తగ్గిన పిల్లలకి మనం చారన్నం పెట్టినట్టు వాళ్ళు అది పెడతారు.

కొట్లో కూరగాయలు: మనకి అసలు లాభం ఇక్కడే

ఇది ఎవరూ చెప్పరు. సైప్రస్ కూరగాయల కొట్టు తెలుగింటి వంటకి సగం సరుకు అందిస్తుంది. బెండకాయలు, బొబ్బర్లు, గంగవాయిలి కూర, కొత్తిమీర పెద్ద పెద్ద కట్టలు. సూపర్ మార్కెట్‌లో చిన్న ప్లాస్టిక్ డబ్బాలో నాలుగు రెమ్మలు పెట్టి అమ్మే కొత్తిమీరతో విసిగిపోయినవాళ్ళకి ఈ కట్ట చూస్తే ప్రాణం లేచొస్తుంది.

కొలొకాసి దగ్గర మాత్రం కాసేపు ఆగాలి. అది చామదుంపే, తెలంగాణ వాళ్ళ చామగడ్డే. కాకపోతే ఒక్కొక్కటి రెండు పిడికిళ్ళంత. సైప్రస్ తూర్పున సోతిరా అనే ఊరి కొలొకాసికి 2016లో యూరప్ భౌగోళిక రక్షణ ఇచ్చారు. మొదటిసారి తెచ్చి, మామూలుగా తొక్క తీసి కడిగి, కత్తితో చక్రాల్లా కోశాను. పులుసంతా జిగురు. మళ్ళీ వారం కొట్టుకెళ్ళి చెబితే కౌంటర్ వెనక పెద్దావిడ నవ్వలేదు, కోప్పడింది. ఒక దుంప తీసి చూపించింది. తొక్కతోనే కడగాలి. గుడ్డతో తుడిచి బాగా ఆరనివ్వాలి. తొక్క తీశాక నీళ్ళు తగలకూడదు. ఇక కొయ్యకూడదు: కత్తి మొన కొంచెం దించి, మణికట్టు తిప్పి విరగ్గొట్టాలి. ముక్క టక్కుమని ఊడొస్తుంది, అంచు గరుకుగా ఉంటుంది. అలా విరిచిన ముక్క జిగురు వదలదు. వాళ్ళు పంది మాంసంతోనో, సెలరీ కాడలు, టమాటాతోనో వండుతారు. నేను చింతపండు పులుసే పెట్టాను. చిన్న పిల్లదుంపల్ని పూలెస్ అంటారు, వేయించి వైన్, ధనియాలు వేస్తారు. మన వేపుడికి అవే బాగుంటాయి.

కొలొకాసా, ఇండియన్ కొట్లో చామదుంపా అని అడిగితే: వేపుడికి మన చిన్న దుంపలే. పులుసుకి, పదిమందికి వండేటప్పుడు కొలొకాసి. ఒక్క దుంప తొక్క తీస్తే చాలు, చేతుల దురద కూడా తక్కువ.

ఎర్రమట్టి బంగాళాదుంపలు సైప్రస్ తూర్పున కొక్కినోహోర్యా, అంటే 'ఎర్ర ఊళ్ళు' అనే ప్రాంతానివి. వేపుళ్ళకి చాలా బాగుంటాయి, మట్టి కడగడానికి ఓపిక ఉండాలంతే.

రెస్టారెంటు: బోర్డు మీద గ్రీకు, వంటింట్లో సైప్రస్

బ్రిటన్‌లో 'గ్రీక్ టావెర్నా' అన్న బోర్డు వెనక చాలాచోట్ల ఉండేది సైప్రస్ కుటుంబమే. తెలుసుకోవడానికి మెనూ చాలు. పెరుగు పచ్చడిని జాజికీ అని కాక తలతూరి అని రాశారా? అందులో పుదీనా ఉందా? ద్రాక్షాకు చుట్టల్ని దొల్మాదెస్ అని కాక కుపేప్యా అన్నారా? షెఫ్తాలియా ఉందా? ఉంటే అది సైప్రస్ వంటిల్లు. షెఫ్తాలియా అంటే కైమాలో ఉల్లి, పార్స్లీ కలిపి పేగుల చుట్టూ ఉండే వలలాంటి కొవ్వు పొరలో చుట్టి బొగ్గుల మీద కాల్చేది. హెల్లిమ్, మొలెహియా ఆకుకూర కనిపిస్తే టర్కిష్ సైప్రస్ వాళ్ళది. పంది మాంసం తినని వాళ్ళకి ఈ రెండో రకం చోటే నిశ్చింత, ఎందుకంటే గ్రీకు సైప్రస్ వంటలో షెఫ్తాలియా, లూంజా (పొగబెట్టిన మాంసం), అఫేలియా అన్నిట్లోనూ పందే ఉంటుంది.

మాంసం తినేవాళ్ళు అఫేలియా తప్పక రుచి చూడాలి. ఎర్ర వైన్‌లో నానిన పంది ముక్కలు, కచ్చాపచ్చాగా దంచిన ధనియాలు. ధనియాల్ని మసాలాలో ఒకటిగా కాక, ఆ ఒక్కదాన్నే ముందు నిలబెట్టి వండటం మనకి కొత్తగా ఉంటుంది. క్లెఫ్టికో అంటే మూసేసిన మట్టి పొయ్యిలో గంటలకొద్దీ మగ్గిన గొర్రె మాంసం, ఎముక నుంచి దానంతటదే ఊడొస్తుంది. మెజే తీసుకుంటే ఇరవైకి పైగా చిన్న పళ్ళేలు వరసగా వస్తూనే ఉంటాయి. ఇద్దరికి తక్కువైతే చాలాచోట్ల ఇవ్వరు. మనవాళ్ళు చేసే పొరపాటు మొదటి ఐదు పళ్ళేల దగ్గరే బ్రెడ్డుతో కడుపు నింపేసుకోవడం. అసలు మాంసం చివర్లో వస్తుంది, పెళ్ళి భోజనంలో పులిహోరకే సరిపెట్టుకున్నట్టు చెయ్యకండి.

శాకాహారులు మెజే వైపు పోవద్దు, డబ్బు దండగ. వెయిటర్ని ఒక్క మాట అడగండి: "నిస్తీసిమా ఏమున్నాయి?" ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస వంటలకి ఆ పేరు. మాంసం, పాలు, గుడ్డు ఏవీ ఉండవు. లూవీ అంటే బొబ్బర్లు ఉడికించి ఆకుకూరతోనో సొరకాయ జాతి కాయతోనో కలిపి నిమ్మరసం, ఆలివ్ నూనె పోసినది. ముజెంద్ర అంటే మసూర్ పప్పు, బియ్యం, ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, మన కిచిడీకి దగ్గర చుట్టం. ఈస్టర్ ముందు ఉపవాస వారాల్లో వెళితే ఇవి మెనూలో ఎక్కువ కనిపిస్తాయి. మిగతా రోజుల్లో వేడి వేడి హలూమీ, తలతూరి, తహీనీ (నువ్వుల ముద్ద), ఆలివ్‌లు, పీటా రొట్టె. రెండు పళ్ళేలతో కడుపు నిండుతుంది.

తాగేవి: ఒకటి రాజుల కాలంది, ఇంకొకటి తల తిప్పేది

కమాండరియా నా ఓటు. లిమసోల్ పైన త్రూదోస్ కొండల వాలులో పధ్నాలుగు ఊళ్ళలో పండిన రెండు రకాల ద్రాక్షని, తెల్ల జినిస్తేరీ, నల్ల మావ్రో, ఎండలో వారం పది రోజులు ఎండబెట్టి చేసే తియ్యటి వైన్. తర్వాత ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. కొలోసీ కోటలో మకాం వేసిన క్రూసేడు సైనిక సన్యాసుల 'కమాండరీ' నుంచి ఆ పేరు వచ్చింది. ఎండుద్రాక్ష, బెల్లం, కాఫీ వాసన కలిసినట్టుంటుంది. మద్యం 15 శాతం దాకా. మూత తీశాక కూడా ఫ్రిజ్‌లో కొన్ని వారాలు నిలుస్తుంది, కాబట్టి ఎప్పుడో ఒకసారి చిన్న గ్లాసు తీసుకునేవాళ్ళకి మామూలు వైన్ కంటే ఇదే గిట్టుబాటు. కియో వాళ్ళ సెయింట్ జాన్ సులువుగా దొరుకుతుంది. చిన్న తయారీదార్లవి కావాలంటే వైన్ కొట్లలో వెతకాలి.

జివానియా దీనికి పూర్తి ఎదురు. ద్రాక్ష పిప్పి, వైన్ కలిపి బట్టీ పెట్టిన సారా, సుమారు 45 శాతం. గడ్డకట్టేంత చల్లగా చిన్న గ్లాసులో పోస్తారు. జలుబు చేస్తే ఛాతీకి రాసేవాళ్ళూ ఉన్నారు. పార్టీలో ఒకళ్ళని ఆశ్చర్యపరచడానికి కొంటే సరే, రోజూ కావాలంటే కాదు. కియో బీరు లిమసోల్‌లో 1951 నుంచి చేస్తున్నారు. వేసవిలో షెఫ్తాలియా పక్కన బాగుంటుంది, అంతే.

బ్రాందీ సవర్ అని ఇంకొకటి ఉంది: సైప్రస్ బ్రాందీ, నిమ్మ షర్బత్, బిట్టర్స్, సోడా. ఈజిప్టు రాజు ఫారూక్ సైప్రస్ కొండల మీద హోటల్లో దిగినప్పుడు, ఆయన తాగుతున్నది మందని తెలియకుండా ఐస్ టీలా కనపడేట్టు కలిపారని చెప్పుకుంటారు. ఇంట్లో కలుపుకోవడం సులువు కాబట్టి బార్లలో వెతికే పని లేదు.

ఆదరణ శాశ్వతం కాదనడానికి ఒక ఉదాహరణ ఇక్కడే చెప్పాలి. ఒకప్పుడు బ్రిటన్ ఇళ్ళలో 'సైప్రస్ షెర్రీ' బాగా తాగేవాళ్ళు. షెర్రీ అన్న పేరు స్పెయిన్‌లోని హెరెస్ ప్రాంతానిదే అని యూరప్ తేల్చడంతో 1996 నుంచి ఆ పేరు వాడే వీలు పోయింది. పేరు పోగానే గిరాకీ కూడా జారిపోయింది. హలూమీ పేరు కోసం వాళ్ళు అంత పట్టుబట్టడం వెనక ఈ అనుభవం కూడా ఉండే ఉంటుందని నా అనుమానం.

మద్యం ముట్టనివాళ్ళకి సుమాదా కొనమంటాను, బాదం షర్బత్. నీళ్ళలో కలుపుకుంటారు, చలికాలం వేడిగా కూడా. ఆగ్రోస్ అనే కొండ ఊరి గులాబీలతో చేసిన షర్బత్ కూడా సీసాల్లో వస్తుంది. చల్లటి పాలలో రెండు చెంచాలు వేసి ఇస్తే మా మామయ్యగారు "ఇది రాజమండ్రి రోజ్ మిల్కే కదయ్యా" అన్నారు. కాదని చెప్పాలనిపించలేదు.

తీపి, ఎండు సరుకు

ఇవి నిలవుండేవి, పంపుకోగలిగేవి. పాఫోస్ పక్కన గెరోస్కీపు ఊరి లుకూమీకి 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పంచదార, పిండితో చేసేది, జెలటిన్ ఉండదు, కాబట్టి శాకాహారులకి ఇబ్బంది లేదు. షుషూకోస్ అంటే దారానికి గుచ్చిన బాదం పప్పుల్ని చిక్కటి ద్రాక్షరసంలో ముంచి ఆరబెట్టి, మళ్ళీ ముంచి, మళ్ళీ ఆరబెట్టి చేసేది. ఆత్రేయపురం మామిడి తాండ్ర పొర మీద పొర వేసినట్టే. తీపి తక్కువ, నమలడానికి పళ్ళు గట్టిగా ఉండాలి. లుకూమీయా, షుషూకోసా అంటే పిల్లలకి మొదటిది, మన పెద్దవాళ్ళలో తాండ్ర ఇష్టపడేవాళ్ళకి రెండోది.

కేరబ్ అనే చెట్టు కాయల నుంచి తీసే పాకం నల్లగా, చిక్కగా, తాటిబెల్లం కరిగించినట్టు ఉంటుంది. ఒకప్పుడు సైప్రస్ వాళ్ళు కేరబ్‌ని నల్ల బంగారం అనేవాళ్ళు. దోసె మీద, పెరుగులో, అనారీ అనే తాజా మెత్తటి జున్ను మీద పోసుకోవచ్చు. త్రహానా అంటే పులిసిన పాలలో గోధుమ నూక కలిపి ఎండలో ఎండబెట్టిన వడియాల్లాంటివి. నీళ్ళలో మరిగిస్తే పుల్లటి జావ. మజ్జిగ అంబలి ఇష్టపడేవాళ్ళకి వెంటనే నచ్చుతుంది, మిగతావాళ్ళు రెండో చెంచా తినరు. చిన్న ప్యాకెట్‌తో మొదలుపెట్టండి.

| ఏది | ఎక్కడ దొరుకుతుంది | శాకాహారమా | నిలవ | ఎవరికి |
|---|---|---|---|---|
| హలూమీ | దాదాపు అన్ని పెద్ద ఊళ్ళలో సూపర్ మార్కెట్ | రెనెట్ చూడాలి | సీలుతో నెలలు, విప్పాక కొద్ది రోజులు | కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి, పెనం మీద కాల్చుకునేవాళ్ళకి |
| కొలొకాసి | సైప్రస్ వాళ్ళ కూరగాయల కొట్టు | అవును | రెండు మూడు వారాలు | పులుసు వండేవాళ్ళకి |
| కమాండరియా | సైప్రస్ కొట్టు, మంచి వైన్ షాపు | – | ఏళ్ళు | అప్పుడప్పుడు తాగేవాళ్ళకి, బహుమతికి |
| జివానియా | సైప్రస్ కొట్టు | – | ఏళ్ళు | ఘాటు తట్టుకునేవాళ్ళకి |
| లుకూమీ | సైప్రస్ కొట్టు, ఆన్‌లైన్ | అవును | నెలలు | పండగ పంపకాలకి |
| కేరబ్ పాకం | సైప్రస్ కొట్టు, ఆన్‌లైన్ | అవును, పాలు కూడా ఉండవు | ఏడాది పైన | బెల్లం ప్రియులకి |
| త్రహానా | సైప్రస్ కొట్టు | పాలు ఉంటాయి | నెలలు | పులుపు ఇష్టపడేవాళ్ళకి |

మీరున్న చోటు బట్టి

ఉత్తర లండన్‌లో గానీ, మెట్రో ఎక్కి అరగంటలో అక్కడికి చేరే చోట గానీ ఉంటే సూపర్ మార్కెట్ హలూమీ కొనడం మానేయండి. అదే ధరకి, ఒక్కోసారి తక్కువకే, కొట్లో మేక పాలు ఎక్కువున్నది దొరుకుతుంది. శనివారం పొద్దున్న వెళితే తాజా అనారీ కూడా దొరకొచ్చు.

బ్రిటన్‌లో మిగతా ఊళ్ళలో ఉన్నవాళ్ళకి హలూమీ దగ్గర్లోనే, మిగతావి ఆన్‌లైన్‌లో. ఎండు సరుకు, సీసాలు తెప్పించుకోండి, కూరగాయలు వద్దు. ఒకసారి దూరంగా ఉండే మా అక్క ఓ వెబ్‌సైట్లో కొలొకాసి తెప్పించుకుంటే సగం మెత్తబడి వచ్చాయి, డబ్బు వెనక్కి రావడానికి నెల పట్టింది.

మెల్బోర్న్, సిడ్నీ వాళ్ళు గ్రీకు కొట్లలో సైప్రస్ సరుకు అని ప్రత్యేకంగా అడగాలి. అడక్కపోతే స్థానికంగా చేసిందే చేతికిస్తారు. అమెరికాలో హలూమీ పెద్ద సూపర్ మార్కెట్లలో వస్తోంది, లేబుల్ మీద తయారైన దేశం చూడండి. తక్కినవాటికి ఆస్టోరియాలాంటి చోటికి వెళ్ళినప్పుడు ఒక చీటీ రాసుకుని వెళ్ళడం మేలు. గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి హలూమీ కొరత లేదు, మద్యం, పంది సరుకు మీద ఆశ పెట్టుకోవద్దు. హైదరాబాదు, విజయవాడల్లో ఉన్నవాళ్ళు కమాండరియా కోసం షాపుల చుట్టూ తిరిగే బదులు, సైప్రస్‌లో చదువుకో ఉద్యోగానికో ఉన్న మనవాళ్ళు ఎవరైనా వస్తున్నారేమో కనుక్కోవడం నయం.

పెట్టెలో పెట్టేముందు

సైప్రస్ నుంచి బ్రిటన్ వచ్చేటప్పుడు హలూమీ తేవచ్చనుకుంటారు చాలామంది. 2025 ఏప్రిల్ 12 నుంచి యూరోపియన్ యూనియన్ దేశాల నుంచి వ్యక్తిగత సామానులో పాల పదార్థాలు, పశువుల, గొర్రెల, మేకల, పందుల మాంసం గ్రేట్ బ్రిటన్‌లోకి తేవడం నిషేధించారు. యూరప్‌లో గాళ్ళ వ్యాధి, అంటే పశువుల గాలికుంటు, పాకడం వల్ల. సీలు వేసినా, డ్యూటీ ఫ్రీలో కొన్నా వర్తిస్తుంది. లార్నకా విమానాశ్రయంలో ముచ్చటపడి కొనేముందు అప్పటికి నియమం ఎలా ఉందో ఒకసారి చూసుకోండి.

ఇండియాకి వెళ్ళేటప్పుడు మద్యం మనిషికి రెండు లీటర్ల దాకా సుంకం లేకుండా తీసుకెళ్ళొచ్చు. ఒక కమాండరియా, ఒక జివానియా సరిపోతాయి. లుకూమీ, షుషూకోస్, కేరబ్ పాకం చెక్ ఇన్ సామానులో పెట్టండి. పాకం సీసా మూతకి టేపు చుట్టి, రెండు కవర్లలో వేసి, బట్టల మధ్య నిలబెట్టాలి. లుకూమీ డబ్బాకి కూడా టేపు చుట్టమని ఎవరూ చెప్పలేదు నాకు. నెల్లూరులో పెట్టె తెరిచేసరికి అమ్మకి తెచ్చిన చీర మీద పంచదార పొడి సన్నగా పరుచుకుని ఉంది. దులపకుండా ముందు వేలితో అద్ది నోట్లో పెట్టుకుంది. "గులాబీ వాసనొస్తోందే" అంది.